సప్రెసర్ ఎవరి పేరున రిజిస్టర్ చేయాలి: సొంత పేరా, ట్రస్టా, ఎల్ఎల్‌సీయా?

అమెరికాలో సప్రెసర్‌కో (తుపాకీ చప్పుడు తగ్గించే గొట్టం) పొట్టి బారెల్ రైఫిల్‌కో డబ్బు కట్టగానే డీలర్ అడిగే మొదటి మాట, "మీ పేరునా, ట్రస్టు పేరునా?" అని. రసీదు మీద ఏ పేరు వేయమంటారన్నంత మామూలుగా అడుగుతాడు కాబట్టి జవాబు కూడా అంతే మామూలుగా ఇచ్చేస్తారు చాలామంది. కానీ మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో సేఫ్ తాళం ఎవరి దగ్గర ఉండొచ్చో, సంక్రాంతికి రెండు నెలలు ఇండియా వెళ్తే ఆ వస్తువు ఎక్కడ పెట్టాలో, మీ తర్వాత అది ఎవరికి ఏ ఫారం మీద వెళ్లాలో ఆ ఒక్క జవాబే తేలుస్తుంది.

ఇక్కడ చెబుతున్నది అన్ని తుపాకుల సంగతీ కాదు. మామూలు పిస్టల్‌కూ వేట రైఫిల్‌కూ ఫెడరల్ రిజిస్ట్రేషన్ లేదు. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందకు వచ్చేవి కొన్నే. మెషీన్ గన్లు, సప్రెసర్లు, 16 అంగుళాలకన్నా పొట్టి బారెల్ ఉన్న రైఫిళ్లు, 18 అంగుళాలకన్నా పొట్టి బారెల్ ఉన్న షాట్‌గన్లు, రైఫిల్ లేదా షాట్‌గన్ నుంచి చేసిన, మొత్తం పొడవు 26 అంగుళాలకన్నా తక్కువున్న ఆయుధాలు, గ్రెనేడ్ల వంటి విధ్వంసక సాధనాలు, ఇంకే కోవలోనూ ఇమడని కొన్ని ఆయుధాలు. వీటన్నిటికీ ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు అమలుచేసే ఫెడరల్ సంస్థ) దగ్గర ఒక కేంద్ర రిజిస్ట్రీ ఉంది. వస్తువు ఎవరి పేరున ఉందో ఆ రిజిస్ట్రీయే చెబుతుంది. మీ దగ్గరున్న రసీదుకు అక్కడ విలువ లేదు.

పేరుకన్నా ముందు వీసా, ఆ తర్వాత రాష్ట్రం

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనవాళ్లకు పనికొచ్చేది ఒకటే: ఏదైనా అమెరికా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్స్. లైసెన్స్ గడువు ముగిసిన రోజే మినహాయింపూ ముగుస్తుంది. వస్తువు మాత్రం సేఫ్‌లోనే ఉంటుంది. ఏడాదికోసారి రెన్యువల్ మరిచిపోవడం ఎంత సులభమో తెలిసిందే కదా. ఉద్యోగాల కోటాలో గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లు ఒక్క సప్రెసర్ కోసం ఈ తాడు మీద నడవడం మంచి బేరం కాదని మా అభిప్రాయం. అమెరికన్ పౌరుడు కాని మనిషికి తుపాకీ చట్టం కింద శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. గ్రీన్ కార్డు ఉన్నా ఆ నిబంధన వర్తిస్తుంది. ఐ-485, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తు, పెండింగులో ఉన్నవాళ్ల పరిస్థితి ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. వాళ్లు తుపాకీ డీలర్‌ను కాదు, ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, సిటిజెన్లు కొనొచ్చు. అయితే "నాకు సిటిజెన్‌షిప్ ఉంది కదా, హెచ్-4 మీదున్న మా మరదల్ని కూడా ట్రస్టులో ట్రస్టీగా వేస్తాను" అంటే కుదరదు. ట్రస్టు అనేది అనర్హుల్ని అర్హులుగా మార్చే మంత్రం కాదు. ట్రస్టీల్లో ఒక్కరు అనర్హులైనా దరఖాస్తు మొత్తం పోతుంది. ఆ మనిషి అసలు ఆ ఫారం ఎందుకు నింపినట్టో చెప్పుకోవాల్సి వస్తుంది. షూటింగ్ రేంజిలో కూడా ఇదే లెక్క. వేట లైసెన్స్ లేని హెచ్-1బీ స్నేహితుడి చేతికి "ఒక్క రౌండ్ కాల్చి చూడరా" అని రైఫిల్ ఇస్తే పట్టుకున్నవాడిదీ తప్పే, అతని స్టేటస్ తెలిసి ఇచ్చినవాడిదీ తప్పే.

ఇక రాష్ట్రం. సప్రెసర్లను మామూలు పౌరులకు ఇవ్వని రాష్ట్రాలు ఎనిమిది: కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్, ఇల్లినాయ్, డెలావేర్, రోడ్ ఐలాండ్, హవాయి. వాషింగ్టన్ డీసీలోనూ కుదరదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్, ఫ్రీమాంట్, నేపర్‌విల్ ఈ జాబితాలోకే వస్తాయి. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, షార్లెట్, కొలంబస్ వాళ్లకు దారి ఉంది. పొట్టి బారెల్ రైఫిల్, షాట్‌గన్ల విషయంలో రాష్ట్రాల జాబితా వేరు, దాన్ని విడిగా చూసుకోవాలి. రాష్ట్రం ఒప్పుకోకపోతే సొంత పేరైనా ట్రస్టు పేరైనా ఏటీఎఫ్ ఆమోదించదు.

ట్రస్టు ఒకప్పుడెందుకు పెట్టారు, ఇప్పుడెందుకు పెట్టాలి

పాత సలహాలు చదివి ట్రస్టు పెట్టేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఆ సలహాల్లోని కారణాలు సగానికి పైగా చచ్చిపోయాయి.

2016 జులై 13 దాకా సొంత పేరున దరఖాస్తు పెట్టేవాళ్లు వేలిముద్రలు ఇవ్వాలి, ఫోటో ఇవ్వాలి, అన్నిటికీ మించి స్థానిక షెరీఫ్ లేదా పోలీస్ చీఫ్ సంతకం తేవాలి. సంతకం పెట్టనని మొండికేసే షెరీఫులుండేవారు. ట్రస్టుకు ఇవేవీ అక్కర్లేదు. అందుకే జనం ట్రస్టుల వైపు ఎగబడ్డారు. 41ఎఫ్ అని పిలిచే నిబంధన ఆ రోజున అమల్లోకి వచ్చి రెండు దారుల్నీ దాదాపు సమం చేసింది. షెరీఫ్ సంతకం అందరికీ తీసేసింది, అతనికి ఒక కాపీ పంపితే చాలు. మరోపక్క ట్రస్టులో ఉన్న ప్రతి బాధ్యుడూ వేలిముద్రలు, ఫోటో, 5320.23 ప్రశ్నాపత్రం ఇవ్వాలంది. దాంతో సొంత పేరున పెట్టడమే తేలికైన దారి అయింది.

రెండో కారణం డబ్బు. 1934 నుంచి 200 డాలర్లుగా ఉండిపోయిన పన్ను సప్రెసర్లకు, పొట్టి బారెల్ రైఫిళ్లకు, షాట్‌గన్లకు 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. 2025 జులై 4న సంతకమైన చట్టం తెచ్చిన మార్పు ఇది. మెషీన్ గన్లకు, విధ్వంసక సాధనాలకు మాత్రం 200 అలాగే ఉంది. "పన్ను పోయింది కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా పోయింది" అన్న మాట ఎవరి నోట విన్నా నమ్మకండి. ఫారం, వేలిముద్రలు, ఆమోదం వచ్చేదాకా ఆగడం అన్నీ అలాగే ఉన్నాయి. దీని మీద 2025లోనే కోర్టుల్లో దావాలు పడ్డాయి గానీ, దావా వేశారు కదా అని రిజిస్ట్రేషన్ లేకుండా దగ్గర పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.

ఈ సున్నా వల్ల పోలికలో ఒక విషయం తారుమారైంది. ఇంతకుముందు సొంత పేరున కొని, రెండేళ్ల తర్వాత ట్రస్టులోకి మార్చుకోవాలంటే ఒక్కో వస్తువుకు మళ్లీ 200 డాలర్లు. అందుకే "మొదటే ట్రస్టు పెట్టు" అనేవారు. ఇప్పుడు అదే మార్పుకు పన్ను లేదు. మరో ఫారం 4 (వస్తువును ఒక పేరు నుంచి మరో పేరుకు మార్చే దరఖాస్తు), మరోసారి నిరీక్షణ, అంతే. కాబట్టి మొదట సొంత పేరు ఎంచుకోవడం ఇప్పుడు తిరగరాని తప్పేమీ కాదు. మెషీన్ గన్లు, విధ్వంసక సాధనాలు దీనికి మినహాయింపు. మెషీన్ గన్లలో 1986 మే 19కి ముందు రిజిస్టరైనవే పౌరుల మధ్య చేతులు మారగలవు, ప్రతి మార్పుకూ 200 కట్టాల్సిందే. అంత ఖరీదైన వస్తువు కొనేవాళ్లకు ఆ 200 పెద్ద లెక్క కాదనుకోండి.

మరి ట్రస్టుకు మిగిలిందేమిటి? రెండే ప్రశ్నలు. మీరు పక్కన లేనప్పుడు ఇంకెవరైనా దాన్ని తీస్తారా? మీ తర్వాత అది ఎవరికి చేరాలి?

సొంత పేరున

కాగితం తక్కువ. ఒక మనిషి, ఒక ఫోటో, రెండు వేలిముద్రల కార్డులు. మీరు పక్కనుంటే అర్హత ఉన్న ఎవరైనా కాల్చొచ్చు. ఒంటరిగా ఉండేవాళ్లకు, ఇంట్లో తాము తప్ప ఎవరూ తుపాకుల జోలికి రాని వాళ్లకు ఇంతకన్నా అవసరం లేదు.

చిక్కల్లా తాళం దగ్గర వస్తుంది. రిజిస్ట్రీలో పేరు మీది. మీరు మూడు వారాలు హైదరాబాద్‌లో ఉండగా సేఫ్ కోడ్ మీ ఆవిడకు తెలుసు, ఆమె తలుచుకుంటే తీయగలదు. చేత్తో పట్టుకుంటేనే స్వాధీనం కాదు. తీసుకునే వీలూ, ఆ ఉద్దేశమూ ఉన్నాయని రుజువైతే చాలు, రిజిస్టర్ కాని మనిషి స్వాధీనంలో ఉన్నట్టే. టెక్సాస్ లాంటి చోట పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి ఇద్దరిదీ కావొచ్చు, ఏటీఎఫ్ రిజిస్ట్రీకి ఆ లెక్కతో పనిలేదు. సొంత పేరున పెట్టుకునేవాళ్లు ఈ వస్తువులకు విడిగా ఒక చిన్న సేఫ్ కొని దాని కోడ్ ఎవరికీ చెప్పకుండా ఉంచుకోవాలి. ఇల్లంతటికీ ఉన్న ఒకే పెద్ద సేఫ్‌లో నగలు, పాస్‌పోర్టులు, సప్రెసర్ అన్నీ కలిపి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. దాని కోడ్ ఇంట్లో ముగ్గురికి తెలిసే ఉంటుంది. ఆ ముగ్గురిలో ఒకరు హెచ్-4 మీద ఉంటే ముప్పు ఇంకా పెద్దది, ఎందుకంటే వాళ్లకు మామూలు పిస్టల్ కూడా కూడదు.

మనిషి పోతే వస్తువు వారసులకు ఫారం 5 మీద పన్ను లేకుండా వెళ్తుంది. ప్రొబేట్, అంటే కోర్టులో విల్లు అమలు, నడుస్తున్నంత కాలం ఎస్టేట్ ఎగ్జిక్యూటర్ దాన్ని కస్టడీలో పెట్టుకోవచ్చు, కానీ ప్రొబేట్ మూసేలోపు ఫారం 5 పని ముగియాలి. విల్లు లేకపోతే కోర్టు ఎవర్నో అడ్మినిస్ట్రేటర్‌గా వేసేదాకా అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆమోదం వచ్చిన ఫారం ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికైనా తెలియకపోతే, ఆ మనిషి గుట్టుగా దాచుకున్న వస్తువు రిజిస్టరైందో కాదో కూడా కుటుంబానికి తెలియదు. తుపాకీ ఇష్టపడని భార్యకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

ట్రస్టు పేరున

ట్రస్టు అంటే ఒక ఒప్పంద పత్రం. పెట్టే మనిషి సెట్లర్. నడిపేవాళ్లు ట్రస్టీలు. ఫలం దక్కేవాళ్లు బెనిఫిషియరీలు. సెట్లర్ పోతే పగ్గాలు తీసుకునే మనిషి సక్సెసర్ ట్రస్టీ. ట్రస్టు ఆస్తుల జాబితా షెడ్యూల్ ఏ. తుపాకుల కోసం పెట్టేది సాధారణంగా రద్దు చేసుకోగల లివింగ్ ట్రస్టు. ఆన్‌లైన్‌లో దొరికే టెంప్లేట్ కన్నా లాయర్ రాసిచ్చేది ఖరీదు. మామూలు కుటుంబానికి మంచి టెంప్లేట్ సరిపోతుంది గానీ, వేర్వేరు రాష్ట్రాల్లో ట్రస్టీలుంటే, రెండో పెళ్లి పిల్లలుంటే లాయర్ దగ్గరికే వెళ్లాలి.

ట్రస్టులో పేరున్న ట్రస్టీ ఎవరైనా మీరు పక్కన లేకపోయినా వస్తువును తీయొచ్చు, రేంజికి తీసుకెళ్లొచ్చు. తాళం బెడద తీరేది ఇక్కడే. కానీ ట్రస్టు తరఫున ఆయుధాన్ని తీసుకునే, దగ్గర పెట్టుకునే, తరలించే, ఇచ్చేసే అధికారం ఎవరికుంటే వాళ్లందరూ ఏటీఎఫ్ దృష్టిలో బాధ్యులే. ప్రతి కొనుగోలుకూ ప్రతి బాధ్యుడూ ప్రశ్నాపత్రం, ఫోటో, వేలిముద్రలు ఇవ్వాల్సిందే. నలుగురు ట్రస్టీలుంటే కాగితం మీద పెట్టే దరఖాస్తుకు నాలుగు ప్రశ్నాపత్రాలు, నాలుగు ఫోటోలు, ఎనిమిది వేలిముద్రల కార్డులు. అందులో ఒకరి ముద్రలు అలుక్కుపోయాయంటే నలుగురిదీ ఆగుతుంది. ఏ అధికారమూ లేని బెనిఫిషియరీలకు, అంటే పిల్లలకు, ఇవేవీ అక్కర్లేదు.

అందుకే మొహమాటానికి బావమరిదినీ, ఆఫీసు స్నేహితుణ్నీ ట్రస్టీలుగా చేర్చుకోకండి. పరిమితి రాయకపోతే సహ ట్రస్టీకి మీతో సమానమైన హక్కు వస్తుంది. మీకు చెప్పకుండా వారాంతం వేటకు తీసుకెళ్లినా అది దొంగతనం కాదు. అమ్మడం, తాకట్టు పెట్టడం సెట్లర్ రాతపూర్వక అనుమతి లేకుండా చేయరాదని పత్రంలోనే రాయించాలి. విడాకులైనా, స్నేహం చెడినా ట్రస్టీని తీసేస్తూ సవరణ రాసి, సంతకం చేసి, నోటరీ వేయించి, అదే రోజు సేఫ్ కోడ్ మార్చాలి.

ఈ కాగితాల బరువు తగ్గించుకోవడానికి చాలామంది చేసే ఏర్పాటు ఒకటుంది, అది చట్టబద్ధమే. ట్రస్టు పెట్టేటప్పుడు సెట్లర్ ఒక్కడే ట్రస్టీ. దరఖాస్తుకు ఒక్కరి వేలిముద్రలే. ఆమోదం వచ్చాక భార్యనో పెద్ద కొడుకునో సహ ట్రస్టీగా సవరణతో చేరుస్తారు. ఆమోదం తర్వాత చేరినవాళ్ల గురించి ఏటీఎఫ్‌కు అప్పటికప్పుడు తెలపనక్కర్లేదు. కానీ అదే ట్రస్టు పేరున మరో వస్తువు కొంటే అప్పుడు అందరి కాగితాలూ ఇవ్వాలి. అది కూడా తప్పించుకోవాలని ఒక్కో వస్తువుకు ఒక్కో ట్రస్టు పెట్టేవాళ్లున్నారు. రెండు మూడు వస్తువులదాకా బాగానే ఉంటుంది. ఏడో ట్రస్టు దగ్గర ఏది ఎందులో ఉందో మీకే గుర్తుండదు, సక్సెసర్ ట్రస్టీ సంగతి చెప్పక్కర్లేదు. చేర్చే మనిషి అర్హుడో కాదో మాత్రం మీరే నిర్ధారించుకోవాలి. ఏటీఎఫ్ చూడలేదంటే అర్హత ఉన్నట్టు కాదు.

ఇంటికీ బ్యాంకు ఖాతాలకూ ముందే లివింగ్ ట్రస్టు ఉన్నవాళ్లు దాన్నే వాడుకోవచ్చా అని అడుగుతుంటారు. వాడుకోవచ్చు గానీ వద్దంటాం. దరఖాస్తుతో ట్రస్టు పత్రం మొత్తం జతచేయాలి, మీ ఆస్తుల చిట్టా ఏటీఎఫ్ చేతికి ఇచ్చినట్టే. అందులోని ప్రతి ట్రస్టీ బాధ్యుడవుతాడు. పైగా ఇంటి ఆస్తుల కోసం రాసిన పత్రంలో "అన్నిటినీ అమ్మి పంచండి" అని ఉంటుంది. తెలియని సక్సెసర్ ట్రస్టీ ఆ మాట పట్టుకుని సప్రెసర్‌ను పక్కింటాయనకు అమ్మాడంటే అది నేరం. తుపాకుల ట్రస్టు విడిగా ఉండాలి. అందులో ఫారం 4, ఫారం 5 ఆమోదం లేకుండా ఏదీ చేతులు మారకూడదని స్పష్టంగా ఉండాలి.

పత్రం రాసేటప్పుడు చాలామంది బోల్తా పడే చోటు ఒకటి చెప్పాలి. సెట్లర్, ఏకైక ట్రస్టీ, ఏకైక బెనిఫిషియరీ ముగ్గురూ ఒకే మనిషి కాకూడదు. టెక్సాస్ ట్రస్టు చట్టం ప్రకారం యాజమాన్యమూ ఫలమూ పూర్తిగా ఒక్కరిలోనే కలిసిపోతే ట్రస్టు నిలవదు. కనీసం పిల్లల్లో ఒకరినైనా బెనిఫిషియరీగా వేయాలి. ట్రస్టులో ఏదో ఒక ఆస్తి ఉండాలి కాబట్టి షెడ్యూల్ ఏలో మొదట పది డాలర్లు రాస్తారు. హాస్యంగా అనిపిస్తుంది గానీ ఖాళీ షెడ్యూల్ పంపకండి.

బెనిఫిషియరీగా గుంటూరులో ఉన్న తమ్ముణ్ని రాయాలనిపిస్తే రాయండి, కానీ వస్తువు అతనికి చేరే దారి లేదనే అనుకోండి. అమెరికా వైపు ఎగుమతి అనుమతి కావాలి, ఇటు ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ఉంది. "విదేశంలో ఉన్న బెనిఫిషియరీకి బదులు లైసెన్సున్న డీలర్ ద్వారా అమ్మి సొమ్ము పంపాలి" అన్న వాక్యం పత్రంలో ఉంటే సక్సెసర్ ట్రస్టీ పని తేలికవుతుంది. న్యూజెర్సీలో స్థిరపడిన కూతురికి సప్రెసర్ విషయంలోనూ అదే వాక్యం పనికొస్తుంది. సెట్లర్ పోయాక బెనిఫిషియరీకి పంచడం ఫారం 5 మీదే, పన్ను లేకుండా జరుగుతుంది. వారసుడు మరో రాష్ట్రంలో ఉన్నా, ఆ రాష్ట్రం ఒప్పుకుంటే నేరుగా ఇవ్వొచ్చు, మధ్యలో డీలర్ అక్కర్లేదు.

ఎల్ఎల్‌సీ

తుపాకుల కోసమే ఎల్ఎల్‌సీ, అంటే పరిమిత బాధ్యత గల కంపెనీ, పెట్టడానికి ఇప్పుడు కారణం కనిపించదు. టెక్సాస్‌లో పెట్టడానికే 300 డాలర్ల ఫీజు. ఏటా రాష్ట్రానికి రిపోర్టులివ్వాలి. ఒక ఏడాది మరిచిపోతే కంపెనీ హక్కులు నిలిచిపోవచ్చు. రద్దయిన కంపెనీ పేరున ఉన్న సప్రెసర్ ఎవరిది? దాన్ని తేల్చడం లాయర్లకు పండగ. ఆఫీసర్లు, మెంబర్లు ఇక్కడా బాధ్యులే, వేలిముద్రలు తప్పవు. సెక్యూరిటీ కంపెనీ, శిక్షణ కేంద్రం లాంటి నిజమైన వ్యాపారం ఉంటేనే ఈ దారి.

ఫారాలు ఎక్కడ తిరగబడతాయి

డీలర్ దగ్గర కొంటే ఫారం 4. సొంత రైఫిల్‌ను పొట్టి బారెల్‌గా మార్చుకోవాలంటే ఫారం 1. ఫారం 1 ఆమోదం చేతికి రాకముందు బారెల్ మార్చకూడదు, "రేపోమాపో వచ్చేస్తుంది" అని కూడా. ఫారం 4ను డీలర్ ఈఫారమ్స్‌లో (ఏటీఎఫ్ ఆన్‌లైన్ దరఖాస్తుల సైటు) మొదలుపెడతాడు, మీరు మీ ఖాతా పిన్‌తో ధృవీకరిస్తారు. ట్రస్టు అయితే ట్రస్టీ ఖాతా వాడాలి. వేలిముద్రలు ఎఫ్‌డీ-258 కార్డుల మీద తీయించి పోస్టులో పంపొచ్చు, లేదా ఈఎఫ్‌టీ అనే ఎలక్ట్రానిక్ వేలిముద్రల ఫైలుగా ఎక్కించొచ్చు. ఫైలైతే పదేపదే వాడుకోవచ్చు, ట్రస్టులో ముగ్గురున్నవాళ్లకు అదే సుఖం. చలికాలంలో చర్మం పొడిబారిన వేళ్లకు ముద్రలు సరిగా పడవు. ముందు రోజు నుంచి క్రీమ్ రాసుకుని, తీసేముందు తుడిచేయండి. ఫోటో వీసాకు ఇచ్చే 2x2 అంగుళాల సైజుదే, ఏడాది లోపు తీసింది.

కాపీ షెరీఫ్‌కో, పోలీస్ చీఫ్‌కో, జిల్లా అటార్నీకో పంపాలి. ట్రస్టైతే ప్రతి బాధ్యుడూ తన 5320.23 కాపీని తానుండే ఊరి అధికారికి పంపాలి. ప్లేనోలో ఉన్న అన్నది, ఆస్టిన్‌లో ఉన్న తమ్ముడిది ఒకే కవరులో పెట్టి ప్లేనోకు పంపితే తమ్ముడి బాధ్యత తీరదు.

ఎక్కువ దరఖాస్తులు పేర్ల దగ్గరే తిరిగొస్తాయి, మన పేర్లకు ఆ బాధ రెండింతలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, డ్రైవింగ్ లైసెన్స్‌లో మొదట, గ్రీన్ కార్డులో వెంకట సత్య సాయి నాలుగు ముక్కలూ, సంతకంలో ఒక్క పొడి అక్షరం. డీలర్ దగ్గర వస్తువు తీసుకునేటప్పుడు నింపే ఫారం 4473లో పూర్తి చట్టబద్ధమైన పేరు రాయాలి. మధ్య పేరు లేనివాళ్లు ఎన్ఎంఎన్ (నో మిడిల్ నేమ్) అని, లైసెన్స్‌లోనే వట్టి ఇనీషియల్ ఉన్నవాళ్లు దాని పక్కన ఐఓ (ఇనీషియల్ ఓన్లీ) అని రాయాలి. ముందు డ్రైవింగ్ లైసెన్స్‌ను గ్రీన్ కార్డుతోనో సిటిజెన్‌షిప్ సర్టిఫికెట్‌తోనో సరిచేయించుకుని, ఆ తర్వాతే ట్రస్టు పత్రం రాయించండి. రెడ్డి, రావు లాంటి పేర్లకు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో మరో మనిషితో తికమక వచ్చి ఆలస్యమవడం మామూలే. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఐచ్ఛికమైనా రాస్తే మంచిది. ప్రతిసారీ ఆగిపోతుంటే ఎఫ్‌బీఐ దగ్గర యూపిన్ అనే వ్యక్తిగత గుర్తింపు నంబర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ట్రస్టు పేరు పత్రంలో ఎలా ఉందో ప్రతి ఫారంలో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. అందుకే పొట్టి పేరు పెట్టండి. ఫారం 1 మీద చేసే రైఫిల్‌కు ఇంకో కారణం కూడా ఉంది: చేసినవాళ్ల పేరు, ఊరు, రాష్ట్రం లోహం మీద కనీసం 0.003 అంగుళం లోతున చెక్కించాలి. ట్రస్టు చేసిందైతే ట్రస్టు పేరే చెక్కాలి. "శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర కుటుంబ రద్దుచేయదగిన లివింగ్ ట్రస్టు" రిసీవర్ (తుపాకీ ప్రధాన భాగం) మీద పట్టదు.

ట్రస్టు పత్రంలో ఏ పేజీ తప్పినా, సవరణ కాగితం జతచేయకపోయినా, షెడ్యూల్ ఏ మరిచినా తిప్పి పంపుతారు. గత 24 నెలల్లో ఆమోదం వచ్చి పత్రం మారకుండా ఉంటే మళ్లీ మొత్తం ఎక్కించకుండా పాత దరఖాస్తును చూపిస్తూ ధృవీకరణ ఇవ్వొచ్చు.

పొట్టి బారెల్ రైఫిల్, షాట్‌గన్, మెషీన్ గన్లను మరో రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే, ఒక్క వారాంతానికైనా, ముందుగా ఫారం 20 (రాష్ట్రం దాటించే దరఖాస్తు) ఆమోదం ఉండాలి. సప్రెసర్‌కు అది అక్కర్లేదు, వెళ్లే రాష్ట్రం, దారిలో ఆగే రాష్ట్రం ఒప్పుకోవాలంతే. ఒక్క మనిషి అయినా ట్రస్టు అయినా ఇందులో తేడా లేదు. ట్రస్టీ ఒంటరిగా తీసుకెళ్తే ఆమోదించిన ఫారం కాపీతోపాటు తన పేరున్న ట్రస్టు పేజీలు కూడా సంచిలో ఉండాలి.

ఎవరికి ఏది

ఒంటరిగా ఉండేవాళ్లు, లేదా ఇంట్లో మరెవరూ ముట్టుకోరని ఖచ్చితంగా చెప్పగలిగేవాళ్లు సొంత పేరున పెట్టుకుని, విల్లులో ఒక పేరా, విడిగా ఒక సేఫ్ ఏర్పాటు చేసుకుంటే చాలు. భార్యాభర్తలిద్దరికీ అర్హత ఉండి ఇద్దరూ రేంజికి వెళ్తే ట్రస్టు, మొదట ఒకే ట్రస్టీతో. ఇంట్లో ఒకరు సిటిజెన్, ఒకరు ఇంకా వీసా మీద ఉంటే ట్రస్టు ఇప్పుడేమీ సాధించదు. సొంత పేరున, విడి సేఫ్‌లో, ఊరెళ్లేటప్పుడు తాళం వెంట తీసుకెళ్తూ నడిపించి, గ్రీన్ కార్డు వచ్చాక ట్రస్టు గురించి ఆలోచించండి. అయిదారు వస్తువులు దాటినవాళ్లకు, వారసులు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు లాయర్ రాసిన ఒకే ట్రస్టు మేలు.

ఇప్పటికే సొంత పేరున ఉన్న సప్రెసర్‌ను ట్రస్టులోకి మార్చాలనుకుంటే షెడ్యూల్ ఏలో దాని పేరు రాసుకున్నంత మాత్రాన మారదు. అమ్మే చోట మీరు, తీసుకునే చోట ట్రస్టు ఉండేలా ఫారం 4 పెట్టాలి. అదే రాష్ట్రంలో ఉంటే డీలర్ అవసరం లేదు. ఆ ఆమోదం వచ్చేదాకా అది మీ ఒక్కరిదే, సేఫ్ కోడ్ కూడా అప్పటిదాకా మీ ఒక్కరికే తెలియాలి.